తిరుమలక్క ఫోన్ల పెట్టె

గనిలోకి ఫోను తీసుకుపోకూడదు. లోపల గ్యాసు ఉంటుంది కాబట్టి ఆ రూలు మంచిదే. అయితే ఎనిమిది గంటలసేపు ఆ ఫోనును ఎక్కడ పెట్టాలో రూలు రాసినవాడు చెప్పలేదు. అందుకని మొదటి షిఫ్టులో ముప్పై ఎనిమిది మంది ఫోన్లు నా చాయ్ బండి కింద రేకు పెట్టెలో ఉంటాయి. పొద్దున ఏడుకు ముందు ఇచ్చి దిగుతారు, మధ్యాహ్నం మూడుకు పైకొచ్చి తీసుకుంటారు. నేను కిరాయి అడగను. దిగేటప్పుడు ఒక చాయ్, ఎక్కినాక ఒక చాయ్ తాగితే చాలు. రోడ్డుకు అవతల ఇంకో బండి ఉంది. నిజం చెప్పాలంటే దాని చాయ్ నా చాయ్ కంటే బాగుంటుంది. అయినా నా పొయ్యి మండేది ఈ పెట్టె వల్లనే.

ఒక్కో ఫోనుకు ఒక్కో గుడ్డ సంచి కుట్టాను. పేర్లు రాస్తే ఇద్దరు రమణలు, ముగ్గురు వెంకన్నలు తేలతారని సంచి మీద టోకెన్ నంబరు రాశాను. గనిలోకి దిగే ప్రతివాడికీ ఒక నంబరు ఉంటుంది. టోపీ మీద, లైటు మీద, హాజరు పుస్తకంలో అదే నంబరు. మనిషి తన పెళ్లి తారీకైనా మర్చిపోతాడు గానీ టోకెన్ మర్చిపోడు. అందుకని ఫోను తాళానికీ అదే, ఏటీఎం కార్డుకూ అదే, ఫోన్లో డబ్బు పంపడానికీ అదే నంబరు పెట్టుకున్నారు. నాకెవరూ చెప్పలేదు, చెప్పే అవసరమూ రాలేదు. అంతమంది తాళంచెవుల్ని నా చేత్తోనే మార్కరు పెట్టి సంచుల మీద రాసి, ఆరేళ్లు ఆ పెట్టె పక్కన కూర్చుని మిరపకాయ బజ్జీలు వేశాను. నా తెలివి అంతటిది.

ఒక్క నియమం మాత్రం పెట్టుకున్నాను. ఫోను మోగితే ఎత్తుతాను. ఆయన లోపలున్నాడు, మూడుకొస్తాడని చెబుతాను. కబురు చెడ్డదైతే హాజరు వేసే టైమాఫీసుకు పరుగెత్తి లోపలికి చెప్పిస్తాను. ఫోను తాళం మాత్రం తియ్యను. మా ఆయన వెంకన్న పోయాక ఇంతమంది మగవాళ్ల మధ్య ఒంటరిగా బండి పెట్టుకుని ఆరేళ్లు బతికానంటే రెండే కారణాలు: ఒకటి నా నోరు, రెండోది ఈ నియమం.

ఆ నెల గాలివానకు బండి మీది రేకులు ఎగిరిపోయాయి. కొత్తవి వేయించాలి. ఫోన్లో ఏదో పాట వింటుంటే మధ్యలో ఒక ప్రకటన వచ్చింది, కాగితాలు అక్కర్లేదు, ఐదు నిమిషాల్లో డబ్బులన్నారు. ఆ యాప్ దించుకున్నాను. నీ ఫోన్లో ఉన్న నంబర్లు చూడొచ్చా అని అడిగింది, సరే నొక్కాను. ఫోటోలు చూడొచ్చా అంది, సరే. ఇంకా ఏవేవో అడిగింది, అన్నిటికీ సరే. డబ్బులిస్తున్నవాడు అడిగితే కాదంటామా? చెప్పినదానికంటే తక్కువ వచ్చింది. వారానికల్లా చెప్పినదంతా కట్టేశాను. తర్వాత వారం మళ్లీ కట్టమన్నారు. కట్టాను కదా అంటే ముట్టలేదన్నారు. సోమవారం నాడు ఒకడు హిందీ కలిసిన తెలుగులో, రేపు పన్నెండులోగా కట్టకపోతే నీ ఫోటో మీవాళ్లందరికీ పంపుతానన్నాడు. పెట్టుకో పోరా అని ఫోను పెట్టేశాను. నా నోరు ఎప్పుడూ నాకంటే ముందు పోతుంది.

మంగళవారం పొద్దుటి నుంచి కాళ్లు ఒక్కచోట నిలవలేదు. కడిగిన గ్లాసులే మళ్లీ కడిగాను. నా ఫోన్లో ఉన్న నంబర్లు ఎవరివని లెక్క వేసుకుంటే పాలవాడు, గ్యాసువాడు, పాల్వంచలో ఒక ఆఫీసులో పనిచేసే నా బిడ్డ భాను, ఈ ముప్పై ఎనిమిది మంది. అంతే. మరి వాడు పంపితే ఎక్కడికి పంపుతాడు?

పన్నెండు దాటి పది నిమిషాలకు బండి కింద ఒక ఫోను గుర్రుమంది. తర్వాత రెండు. ఆ తర్వాత పెట్టె మొత్తం తేనెతుట్టెలా మోగింది. మూత తీసి ఒక సంచి విప్పాను. తాళం వేసిన తెర మీదనే కనిపిస్తోంది. మొహం నాది, పోయినేడు భాను స్నేహితురాలి పెళ్లిలో దిగిన ఫోటోలోది. దాని కింద ఒళ్లు ఎవరిదో, బట్టలు లేవు. ఈ ఆడది మోసగత్తె, డబ్బు ఎగ్గొట్టి ఇలాంటి పనులు చేస్తోంది అని తప్పుల తెలుగులో రాసి ఉంది. ఇంకో సంచి విప్పాను, అదే. ఇంకోటి, అదే.

నాకు ఒళ్లంతా మండిపోయింది. సిగ్గుతో కొంత, కోపంతో కొంత. వాళ్లు ఆ బొమ్మను నమ్ముతారని కాదు. నమ్మరు. కానీ ఒకసారి చూసిన కళ్లు చూడనట్టు ఉండలేవు. రేపు నేను చాయ్ అందిస్తే ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఒక్క క్షణం రాకుండా ఆరేళ్లు కాపాడుకున్నాను.

మూడింటి దాకా టైముంది. నంబర్లన్నీ సంచుల మీదే ఉన్నాయి. ఒక్కొక్కటీ తెరిచి ఆ బొమ్మ తుడిచేస్తే ఎవరికీ తెలియదు. నియమం గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది, పక్కన పెట్టాను.

మొదట వెంకటప్పయ్య ఫోను తీశాను. ఆయన లోపల సర్దారు, ఒక జట్టు మనుషులంతా ఆయన మాట మీద నడుస్తారు. నన్ను బిడ్డా అని పిలుస్తాడు. అందరికంటే ఆయన చూస్తాడంటేనే నాకు ఎక్కువ భయం. నాలుగంకెలు నొక్కాను, వెంటనే తెరుచుకుంది. అంత సులువుగా తెరుచుకోవడం చూస్తే ఆ బొమ్మను చూసినప్పటికంటే ఎక్కువ దడ పుట్టింది. తుడిచి పెట్టేశాను. రెండోది పగిడయ్యది. చర్ల అవతల ఊరు, పదిహేను రోజులకొకసారి ఇంటికి పోయొస్తాడు. అదీ తుడిచాను. మూడోది దేవ్‌సింగ్‌ది.

దేవ్‌సింగ్‌ది ఇక్కడికి దగ్గర్లో తండా. బొగ్గు టబ్బులు లాగే హాలర్ యంత్రం దగ్గర పని. నెమ్మదస్తుడు. పది రోజులుగా చాయ్ తాగడం లేదు, కడుపులో బాగాలేదంటున్నాడు. పిసినారితనం మొదలైందా అని నేను అందరి ముందూ వెక్కిరించాను కూడా. అతని ఫోను తెరిచి నా బొమ్మ తుడిచాను. దాని కిందనే ఇంకో కొత్త నంబరు నుంచి వరసగా మెసేజీలున్నాయి. మాటలు నాకు బాగా తెలిసినవే. కట్టలేదు, ముట్టలేదు, రేపటిలోగా. తొమ్మిది రోజులుగా వస్తున్నాయి. ఆ పొద్దున వచ్చిన దాంట్లో నీ బిడ్డ ఫోటో తయారైంది, సాయంత్రం బడి గ్రూపులో పెడతాం అని ఉంది.

దాని కింద అతని భార్య సుజాత పేరు. ఆమెకు రాసి పంపకుండా ఆపేసిన మెసేజీ సగం కనిపిస్తోంది. తెరిచాను. నా కార్డు నంబరు 1896, మూడో తారీకున జీతం పడుతుంది, మర్చిపోకు. అంతే రాశాడు.

చూసేవాళ్లకు అది మామూలు మాటే అనిపిస్తుంది. ఇక్కడి మగవాళ్ల సంగతి నాకు తెలుసు. జీతం తెచ్చి పెళ్లాం చేతిలో పెడతారు గానీ ఆ నంబరు మాత్రం చెప్పరు. గేటు దగ్గర చాయ్ అమ్మేదానికి తెలిసిన నంబరు ఇంట్లో మనిషికి తెలియదు. మా వెంకన్న కూడా చెప్పలేదు. దవాఖానాలో ఆఖరి రోజున నన్ను దగ్గరికి పిలిచి చెవిలో చెప్పాడు. డాక్టరు ఏం చెప్పినా ఏడవని నేను ఆ నంబరు విని ఏడ్చాను. కాబట్టి దేవ్‌సింగ్ రాసిందేమిటో నాకు ఎవరూ వివరించనక్కర్లేదు.

నా బొమ్మ సంగతి ఒక్కసారిగా వెనక్కి పోయింది. అతను లోపల ఉన్నాడు. పోవాలనుకున్నవాడికి గనిలో దారులు తక్కువేం కాదు.

భానుకు ఫోను చేశాను. అది ముందు తిట్టింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత 1930 అనే నంబరు చెప్పి ఇప్పుడే చెయ్యమంది. ఫోన్ల మీద జరిగే మోసాలకు పోలీసుల నంబరట అది. చేస్తే పన్నెండు నిమిషాలు పాట వినిపించాక ఒక అమ్మాయి పలికింది. రూపాయి కూడా కట్టొద్దంది. ఆ మెసేజీలు ఎవరెవరికి వచ్చాయో వాళ్లెవరూ తుడవొద్దని, వాటిని ఫోటో తీసి పెట్టాలని, అవే సాక్ష్యమని చెప్పింది. మూడు తుడిచేశానమ్మా అన్నాను. మిగతావి ముట్టుకోవద్దంది. అప్పుడు దేవ్‌సింగ్ సంగతి పేరు చెప్పకుండా అడిగాను. ఆయన్ని ఒంటరిగా వదలొద్దు, ఆయనతోనే ఈ నంబరుకు చేయించండి అంది. వాళ్ల దగ్గర భయపెట్టడం తప్ప ఇంకేమీ లేదు, ఆ మాట ఆయనకు చెప్పండి అని కూడా అంది.

టైమాఫీసు వాకిలి దాకా పోయాను. లోపలికి పోతే ఎలా తెలిసిందని అడుగుతారు. ఫోను తెరిచానని చెప్పాలి. ఆ వాకిట్లో రెండు నిమిషాలు నిలబడిపోయాను, నా పేరు పోతుందని. ఆ బొమ్మ నాకు తెచ్చిన సిగ్గు ఇప్పటికి చల్లారింది గానీ ఆ రెండు నిమిషాల సిగ్గు ఇంకా చల్లారలేదు.

చివరికి లోపలికి పోయి వెంకటప్పయ్యతో మాట్లాడాలన్నాను. గుమాస్తా నా మొహం చూసి ఇంకేమీ అడగకుండా లోపలి ఫోనుకు కలిపాడు. ఆయన లైను మీదకు రావడానికి చాలాసేపు పట్టింది.

"కాకా, దేవ్‌సింగ్ యాడున్నడు?"

"గీడ్నే, హాలర్ కాడ. ఏందైంది బిడ్డా?"

"మూడింటిదాంక నీ పక్కన్నే ఉంచుకో. ఒక్కన్ని యాడికీ తోలకు. ఎందుకని నన్ను గిప్పుడు అడగకు."

"ఇంటికాడ ఏమన్న అయ్యిందా?"

"ఇంటికాడ అందరు మంచిగనే ఉన్నరు. ఆయనే మంచిగ లేడు."

సరే అన్నాడు. గనిలో పనిచేసేవాళ్లకు కొన్ని మాటలు రెండోసారి చెప్పనక్కర్లేదు.

మిగిలిన గంటన్నర ఎలా గడిచిందో చెప్పలేను. పాలు పొంగిపోయాయి. బజ్జీలు మాడాయి. భద్రాచలం పోయే బస్సు ఆగితే దిగినవాళ్లకు చాయ్ పోసి డబ్బులు తీసుకోవడం మరిచాను. తుడవని ఫోన్లు ముప్పై ఐదు పెట్టెలో మధ్య మధ్య గుర్రుమంటూనే ఉన్నాయి. వాడు ఒకసారి పంపి ఊరుకోలేదు. ఏం చెప్పాలో మనసులో పది రకాలుగా అనుకున్నాను. దేవ్‌సింగ్‌ను పక్కకు పిలిచి అడిగితే? లేదంటాడు. వెంకటప్పయ్యకు చెబితే? అతని గుట్టు బయటపెట్టడానికి నేనెవర్ని? నా చేతిలో ఉన్నది నా గుట్టు ఒక్కటే. దాన్ని ఎవరి ముందైనా విప్పే హక్కు నాకుంది.

మూడు గంటలకు సైరను కూసింది. నల్లటి మొహాలతో పైకి వచ్చారు. దేవ్‌సింగ్ వెంకటప్పయ్య భుజం పక్కనే ఉన్నాడు. అతన్ని చూశాక గానీ నా గుండె కుదుటపడలేదు. రోజూ నంబర్లు పిలుస్తూ సంచులు అందిస్తాను. ఆ రోజు పెట్టె మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను.

"ఆగుర్రి. ఫోన్లు తీస్కునే ముందుగాల నా మాట ఇనుర్రి. నేను ఫోన్ల అప్పు తీస్కున్న. కట్టిన గూడ. కట్టలేదని నా మొఖం తీసి ఎవలదో బట్టల్లేని పెయ్యికి అతికిచ్చి మీ అందరికి పంపిండ్రు. సూడుర్రి. తుడువకుర్రి, నాకు సాక్ష్యం కావాలె. పంతొమ్మిది ముప్పై అని పోలీసోళ్ల నంబరున్నది, ఆడ చెప్పిన."

అసలు కష్టమైన మాట ఇంకా మిగిలే ఉంది.

"ఇంకోటి. మీకు చెప్పకుండ మూడు ఫోన్లు తెరిచిన. వెంకటప్పయ్య కాకది, పగిడయ్యది, దేవ్‌సింగ్‌ది. నా బొమ్మ తుడుద్దామని తెరిచిన. తప్పే. మీ టోకెన్ నంబర్లు కొడితే అన్ని తెరుసుకుంటున్నయి. నాకు తెరుసుకున్నయంటె ఎవలకైన తెరుసుకుంటయి. ఇయ్యాలనే మార్చుర్రి."

దేవ్‌సింగ్ మొహం నిండా బొగ్గు, రంగు మారిందో లేదో తెలియదు. కళ్లు మాత్రం నా మీదే ఆగిపోయాయి. నేను చూశానని అతనికి అర్థమైంది. పిలవకముందే ముందుకొచ్చి తన సంచి తీసుకుని సైకిల్ స్టాండు వైపు నడిచాడు. నేనే అతన్ని తోసేశానేమో అనిపించింది. కదలబోతే చుట్టూ మనుషులు. వెంకటప్పయ్య నా వైపు చూసి, ఏమీ అడగకుండా అతని వెనకే పోయి కొంచెం దూరంలో బీడీ ముట్టించుకుని నిలబడ్డాడు.

మిగతావాళ్లు ఒక్కొక్కరే సంచులు తీసుకున్నారు. వెనక ఎవరో నవ్వారు, పక్కవాడు మోచేత్తో పొడిస్తే ఆపాడు. చాలామంది చూసి గబుక్కున కళ్లు తిప్పేసుకున్నారు. ఇద్దరు అవసరమైనదానికంటే ఎక్కువసేపు చూశారు. వాళ్ల పేర్లు చెప్పను గానీ వాళ్ల చాయ్‌లో ఆ వారమంతా చక్కెర వెయ్యలేదు. పగిడయ్య తన ఫోను అటూ ఇటూ తిప్పి, నా దాంట్లో తుడిచేస్తివి, ఇప్పుడు నేను సాక్ష్యం ఎట్లా ఇయ్యాలె అని నా మీద విసుక్కున్నాడు. మర్నాడు పదకొండు సంచులు ఖాళీగానే ఉన్నాయి, ఆ పదకొండు మందీ అవతలి బండికి పోయారు. నేను వాళ్లను తప్పుపట్టను.

నా కళ్లు మాత్రం సైకిల్ స్టాండు మీదే ఉన్నాయి. అతను తన మోటారు సైకిల్ సీటు మీద ఒక చెయ్యి వేసి, రెండో చేతిలో ఫోను పట్టుకుని నిలబడ్డాడు. తాళం తీయడం లేదు, బండి తీయడం లేదు. వినపడాలని ఆ పోలీసు నంబరు మళ్లీ గట్టిగా చెప్పాను. రూపాయి కట్టే పని లేదు, వాళ్ల దగ్గర భయపెట్టుడు తప్ప ఇంకేం లేదంట అని కూడా అన్నాను. సీతయ్య అనే పెద్ద వయసాయన దగ్గరకొచ్చి, ఆ నంబరు ఇంకోసారి చెప్పమని, తన బామ్మర్దికి కావాలని అడిగాడు. చెప్పాను. ఏ బామ్మర్ది అని ఎవరూ అడగలేదు.

అప్పుడు దేవ్‌సింగ్ తిరిగొచ్చాడు. గుంపు పక్కకు తప్పుకుంది. నా చాయ్ బండి ముందు నిలబడి, గొంతు తగ్గించకుండానే అడిగాడు.

"సుజాతకు రాసింది సూసినవా అక్కా?"

"సూసిన."

"పంపలే."

"తెలుసు. కూసో."

బెంచీ మీద కూర్చున్నాడు. ఫోను నాకిచ్చి, ఆ నంబరు కలపమన్నాడు. కలిపి అతని చేతిలో పెట్టాను. పాట మొదలైంది. ఆ పాట సాగుతుండగానే, బిడ్డ ఫోటో బడి గ్రూపుల పెడ్తమన్నరు అక్కా అన్నాడు, చిన్నపిల్లాడు ఫిర్యాదు చేసినట్టు.

"నాది ముప్పై ఎనిమిది మందికి పెట్టిండ్రు. సచ్చిన్నా నేను?"

అతను తల వంచుకుని ఏడ్చాడు. బొగ్గు మీద కన్నీళ్లు రెండు చారలు కట్టాయి. ఎవరూ ఓదార్చలేదు, ఎవరూ వెళ్లిపోలేదు. చాలాసేపటికి అవతల ఎవరో పలికారు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, తొమ్మిది రోజుల సంగతి మొదటి నుంచి చెప్పాడు. బిడ్డ బడిలో సారుకు ఫోను చేసి ముందే చెప్పమన్నారట. అదీ అక్కడే కూర్చుని చేశాడు. తర్వాత పది రోజులకు మొదటిసారి చాయ్ అడిగాడు.

పోయేటప్పుడు వెంకటప్పయ్య అతని బండి వెనక ఎక్కాడు. ఆయన ఉండే క్వార్టరు గేటుకు ఎదురుగానే, తండా వైపు ఆయనకేం పని లేదు. దేవ్‌సింగ్ ఎందుకని అడగలేదు. బండి కదలబోతుంటే పోయి హ్యాండిల్ పట్టుకున్నాను.

"ముందుగాల ఆ నంబరు మార్చు. కొత్తది నాకు చెప్పకు. ఇంటికి పొయ్యి, సుజాతను కూసుండవెట్టి, నీ నోటితోని చెప్పు."

అతను తలూపాడు. నేను హ్యాండిల్ వదిలాను.